జోడీ లేకపోయినా రావచ్చు

మా ఊరి లైబ్రరీ నోటీసు బోర్డు మీద, తప్పిపోయిన పిల్లి ఫోటోకీ యోగా క్లాసు కాగితానికీ మధ్య, ఒక పసుపురంగు కాగితం చాలా నెలలు వేలాడింది. ఇంగ్లిష్ కంట్రీ డ్యాన్స్, ప్రతి గురువారం రాత్రి ఏడున్నరకు, చర్చి హాల్లో, కొత్తవాళ్ళు రావచ్చు, జోడీ అక్కర్లేదు. పుస్తకాలు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడల్లా చదివేదాన్ని. ఆ ఆఖరి మాటే నన్ను లాగింది. మా ఆయన పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మొదలైతే చెప్పులు వెతుక్కునే నెపంతో వెనక్కి తప్పుకునే మనిషి. ఆయన్ని జోడీగా తెచ్చుకోవడం అయ్యే పని కాదు.

మాది రేపల్లె దగ్గర పల్లె. ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లో ఉన్న ఈ చిన్న ఊరికి 2009లో వచ్చాం. చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో కోలాటం వేసేదాన్ని. పదో తరగతికి వచ్చాక ఇంట్లో మాన్పించారు. మళ్ళీ నలభై దాటాక, 2017 అక్టోబరులో ఒక గురువారం, పని నుంచి ఇంటికి వస్తూ ఆ హాలు తలుపు తోశాను.

గుమ్మం దగ్గర ఒకావిడ నాలుగు పౌండ్లు తీసుకుని, పేరు రాసుకుని, టీ ఎక్కడ పెడతారో చూపించింది. అందరూ నవ్వారు, హలో అన్నారు. డ్యాన్సు నేర్పించి, తర్వాత సంగీతం నడుస్తుండగా ఏ అడుగు ఎప్పుడో మైకులో చెప్పే మనిషిని ఇక్కడ కాలర్ అంటారు. ఆ కాలర్ 'జోడీలు కట్టండి' అంది. నేను కోటు విప్పి కుర్చీ మీద వేసేలోగా గదిలో అందరూ జంటలైపోయారు. రెండో డ్యాన్సుకీ అంతే. మూడోదానికీ అంతే. ఎవరూ నన్ను వద్దనుకోలేదు. ముప్పై ఏళ్ళుగా ఎవరికి ఎవరో అక్కడ తేలిపోయి ఉంది. జోడీ లేకుండా రావచ్చు అని కాగితం మీద రాసింది నిజమే. వచ్చాక ఏం చేయాలో మాత్రం రాయలేదు.

నాలుగో డ్యాన్సుకి ఎనభై ఏళ్ళావిడ ఒకరు అడగకుండానే నా చేయి పట్టుకుని వరసలోకి లాక్కెళ్ళింది. భుజం మీదుగా నీలం పటకా కట్టుకుని మగవాళ్ళ వైపు నిలబడింది. ఆ క్లబ్బులో మగవాళ్ళు ఎప్పుడూ తక్కువే. అందుకని కొందరు ఆడవాళ్ళు ఆ పటకా కట్టుకుని 'జెంట్' అయ్యేవారు.

ఆ డ్యాన్సు ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతి గొడవ అర్థం కాదు. ఎదురెదురుగా రెండు పొడుగాటి వరసలు. స్టేజీ వైపు నుంచి రెండేసి జంటలు నలుగురిగా చేతులు కలుపుతారు. పైన ఉన్న జంట ఒకటోవాళ్ళు, కింద ఉన్నవాళ్ళు రెండోవాళ్ళు. సంగీతం మామూలుగా 32 బార్లు, అంటే దాదాపు అర నిమిషం. అది ఒకసారి తిరిగేసరికి ఒకటోవాళ్ళు ఒక మెట్టు కిందికి జరుగుతారు, రెండోవాళ్ళు ఒక మెట్టు పైకి. అక్కడ కొత్త జంట ఎదురవుతుంది, మళ్ళీ అవే అడుగులు. అలా పది నిమిషాల్లో వరసలో ఉన్న అందరి చేతులూ పట్టుకుంటారు. వరస చివరికి చేరిన జంట ఒక విడత ఖాళీగా నిలబడి, ఒకటోవాళ్ళయితే రెండోవాళ్ళుగా మారి మళ్ళీ లోపలికి వస్తారు. కొత్తవాళ్ళు తప్పిపోయేది ఆ చివరి దగ్గరే. నేనూ అక్కడే తప్పిపోయాను. పెద్దావిడ నా మోచేయి పట్టుకుని తిప్పి మళ్ళీ దారిలో పెట్టింది.

ఇంకో చిక్కు కూడా ఉంది. రెండు చేతులూ పట్టుకుని గిరగిరా తిరిగేటప్పుడు ఎదుటి మనిషి కళ్ళలోకి చూడాలి, లేకపోతే కళ్ళు తిరుగుతాయి. ముఖం ముఖం పెట్టి పరాయి మనిషిని, అదీ పరాయి మగవాణ్ణి, అంతసేపు చూడటం నా వల్ల కాలేదు. నేల చూశాను, తూలాను. 'నా చెవి పోగు చూడు' అంది పెద్దావిడ. చూశాను. ముత్యం పోగు. తల తిరగడం ఆగింది. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళకి నేను మొదట చెప్పే మాట అదే, కళ్ళు చూడలేకపోతే చెవి చూడండి అని.

మరుసటి గురువారం మళ్ళీ వెళ్ళాను. ఆ మరుసటిదీ వెళ్ళాను. 2018 వార్షిక సమావేశంలో, గుమ్మం దగ్గర కార్డుతో డబ్బు కట్టే వీలు ఎందుకు లేదని అడిగాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత నన్ను కోశాధికారిని చేసేశారు. అడిగినవాళ్ళ నెత్తినే పని పడటం అన్ని దేశాల్లోనూ ఒకటేనని అప్పుడు తెలిసింది.

పద్దు పుస్తకం చేతికొచ్చాకే క్లబ్బు అంటే ఏంటో తెలిసింది. మూడు గంటల హాలు అద్దె, కాలర్‌కి ఇచ్చేది, నెలకొకసారి వచ్చే ఫిడేలూ అకార్డియనూ వాయించేవాళ్ళకి ఇచ్చేది, ఎవరైనా పడి చేయి విరగ్గొట్టుకుంటే పనికొచ్చే బీమా, పాలు, బిస్కెట్లు. ఇరవైమంది వస్తే గట్టెక్కుతాం. పదిహేనుమంది వస్తే చేతి నుంచి పడుతుంది. కొత్తవాళ్ళు ఒకసారి వచ్చి మళ్ళీ రాకపోవడాన్ని మా వాళ్ళు 'వాళ్ళకి నచ్చలేదేమో' అని వదిలేసేవారు. పేర్ల పుస్తకం నా దగ్గరే ఉంది కదా, వెనక్కి తిప్పి చూశాను. ఒక్కసారి మాత్రమే కనిపించే పేర్లు పేజీలకు పేజీలు ఉన్నాయి.

ఈ డ్యాన్సుల చరిత్ర నేను ఆలస్యంగా చదివాను. చదివాక నవ్వొచ్చింది, ఎందుకంటే మా కమిటీలో జరిగే వాదన నూరేళ్ళ నాటిదే. 1899లో క్రిస్మస్ మరునాడు, మాకు దగ్గర్లోనే ఉన్న హెడింగ్టన్‌లో, సెసిల్ షార్ప్ అనే సంగీతం మాస్టారు తన అత్తగారింట్లో ఉండగా, మోరిస్ ఆటగాళ్ళు ఇంటి ముందుకు వచ్చి ఆడారు. మోరిస్ అంటే గజ్జెలు కట్టుకుని చేతిరుమాళ్ళతో, కర్రలతో ఆడేది. వాళ్ళ వెనక కాన్సర్టీనా వాయించింది విలియం కింబర్, ఇటుకలు పేర్చే తాపీ మేస్త్రీ. చలికి పనులు ఆగిపోయి, చేతిలో డబ్బుల్లేక, ఆడే కాలం కాకపోయినా ఆ రోజు బయటికొచ్చారు. షార్ప్ అక్కడి నుంచి పాటలూ డ్యాన్సులూ సేకరించడం మొదలుపెట్టి, 1911లో ఇంగ్లిష్ ఫోక్ డ్యాన్స్ సొసైటీ పెట్టాడు. ఇప్పుడు లండన్‌లో ఆయన పేరుతో ఉన్న సెసిల్ షార్ప్ హౌస్ 1930లో తెరిచారు.

కానీ ఈ కథలో ఇంకొకావిడ ఉంది, మేరీ నీల్. లండన్‌లో బట్టలు కుట్టి బతికే పేద అమ్మాయిల కోసం 1895లో ఎస్పెరాన్స్ క్లబ్బు పెట్టింది. 1905లో కింబర్‌ను పిలిపించి ఆ అమ్మాయిలకు మోరిస్ నేర్పించింది. వాళ్ళు నేర్చుకుని, ఊరూరూ తిరిగి ఇంకొకళ్ళకు నేర్పారు. అడుగు సరిగ్గా పడాలి, పాతదాన్ని పాతదిలాగే ఉంచాలి అన్నాడు షార్ప్. ఉత్సాహంగా ఆడితే చాలు, అందరికీ అందాలి అంది ఆవిడ. ఇద్దరికీ చెడింది. చాలాకాలం ఆయన పేరే నిలిచింది. మా కార్యదర్శి షార్ప్ పక్షం. నేను నీల్ పక్షం అనుకునేదాన్ని. అంత తేలిక కాదని తర్వాత తెలిసింది.

మోరిస్ సంగతి ఎత్తాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. క్లబ్బులో చేరకముందు, 2013 మే నెలలో, పక్క ఊరి సంతలో ఒక మోరిస్ జట్టు ఆడుతోంది. చింపిరి గుడ్డల కోట్లు, కర్రలు, ముఖం నిండా నల్లరంగు. మా అమ్మాయికి అప్పుడు అయిదేళ్ళు. 'అమ్మా, వాళ్ళు ఎందుకు నల్లగా అయిపోయారు?' అంది. చుట్టూ ఉన్నవాళ్ళలో ముగ్గురు మా వైపు చూసి, వెంటనే తల తిప్పేసుకున్నారు. ఏం చెప్పాలో తెలియక ఐస్‌క్రీం కొనిపెట్టాను. అది వేల్స్ సరిహద్దు జిల్లాల నుంచి వచ్చిన పద్ధతి. చలికాలంలో అడుక్కోవడానికి వెళ్ళే కూలీలు గుర్తు తెలియకుండా మసి పూసుకునేవాళ్ళని కొందరంటారు. నల్లజాతివాళ్ళను వెక్కిరించే 19వ శతాబ్దపు స్టేజీ ఆటల నుంచి వచ్చిందని కొందరంటారు. మూలం ఏదైనా, దాన్ని చూసే అయిదేళ్ళ పిల్లకు ఎవరు వివరించాలి? 2020 జులైలో మోరిస్ జట్ల మూడు సంఘాలూ కలిసి, ఇకపై ముఖమంతా నల్లరంగు వద్దని ప్రకటించాయి. ఆ మూడింటిలో ఒకటైన మోరిస్ రింగ్ 1934 నుంచి మగవాళ్ళ సంఘం. ఆడవాళ్ళున్న జట్లకూ సభ్యత్వం ఇద్దామని 2018లో తీర్మానించుకుంది. అప్పటిదాకా ఆడవాళ్ళేమీ ఖాళీగా కూర్చోలేదు, 1975లోనే వేరే సంఘం పెట్టుకున్నారు. సంతలో చూసిన ఆ జట్టును ఆ తర్వాత మళ్ళీ చూశాను, ముఖాలకు పచ్చరంగూ నీలంరంగూ పూసుకున్నారు. ఆట అదే.

మా క్లబ్బు దగ్గరికి వస్తాను. 2020 మార్చిలో హాలు మూసేశారు. చేతులు పట్టుకోకుండా ఆడలేని ఆట మాది. మళ్ళీ తెరిచేసరికి పదిహేను మందిమి కూడా మిగల్లేదు. ఇద్దరు చనిపోయారు, కొందరికి మోకాళ్ళు పోయాయి, కొందరు ఇంటి అలవాటు మానలేకపోయారు. నన్ను మొదటి రోజు లాక్కెళ్ళిన పెద్దావిడ కూతురింటికి వెళ్ళిపోయింది. బ్యాంకులో ఉన్న డబ్బు ఎన్ని నెలలొస్తుందో లెక్కగట్టి కమిటీ ముందు పెట్టాను. ఏడు నెలలు.

అదే చలికాలం ఇద్దరు అమ్మాయిలు వచ్చారు, యూనివర్సిటీలో చదువుతున్నవాళ్ళు. జంటగా వచ్చారు, జంటగా ఆడదామనుకున్నారు. మా కాలర్ మంచి మనిషి, ఏ చెడ్డ ఉద్దేశమూ లేకుండా మైకులో అడిగింది, 'మీ ఇద్దర్లో జెంట్ ఎవరు?' అని, చేతిలో పటకా ఊపుతూ. అమ్మాయిలు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఒకమ్మాయి పటకా కట్టుకుంది. టీ విరామంలో చూస్తే కోట్లు లేవు. కొన్ని వారాల తర్వాత బస్టాపులో వాళ్ళలో ఒకరు కనిపిస్తే అడిగాను. 'డ్యాన్సు చాలా బాగుంది, కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడానికి ప్రతి గురువారం రాలేం' అంది.

జెంట్స్, లేడీస్ అనకుండా పిలిచే పద్ధతి అప్పటికే చాలాచోట్ల ఉంది. అమెరికాలో, ఇలాగే వరసల్లో ఆడే కాంట్రా డ్యాన్సువాళ్ళ దగ్గర నుంచి వచ్చిన మాటలు లార్క్, రాబిన్. రెండూ పిట్టల పేర్లే. జంటలో ఎడమ పక్కన నిలబడేవాళ్ళు లార్క్, కుడి పక్కన రాబిన్. లెఫ్ట్‌కి లార్క్, రైట్‌కి రాబిన్, గుర్తుండిపోతుంది. ఎవరు ఎటు నిలబడతారన్నది వాళ్ళిష్టం. కమిటీలో ఆరుగురం, కార్యదర్శి ఇంట్లో వంటగది బల్ల చుట్టూ కూర్చుని మూడు సమావేశాలు కొట్టుకున్నాం. 'ఆడవాళ్ళు ఎప్పటినుంచో మగ వరసలో ఆడుతూనే ఉన్నారుగా, ఎవరైనా కాదన్నారా?' అన్నారు ఒకరు. కాదనలేదు, కానీ పటకా కట్టుకోవాల్సి వచ్చింది కదా అన్నాను. కాలర్ బాధ వేరు. ఆవిడ దగ్గర చెప్పుల పెట్టెలాంటి పెట్టెలో, ఒక్కో డ్యాన్సుకు ఒక్కో కార్డు చొప్పున, ముప్పై ఏళ్ళుగా చేత్తో రాసుకున్న కార్డులున్నాయి. అన్నీ తిరగరాయాలా?

ఒక ఆదివారం ఆవిడా నేనూ ఆ పెట్టె ముందేసుకుని కూర్చున్నాం. అప్పుడు బయటపడిన సంగతికి ఆవిడే ఆశ్చర్యపోయింది. చాలా కార్డుల్లో ఆడా మగా అన్న మాటే అక్కర్లేదు. జాన్ ప్లేఫర్డ్ 1651లో లండన్‌లో అచ్చువేసిన పుస్తకం నాటి డ్యాన్సుల్లో కూడా కొన్నిటికి 'ఒకటో జంట', 'రెండో జంట', 'ఎదురుగా ఉన్నవాళ్ళు', 'మొదటి మూలలు', 'రెండో మూలలు' అంటే సరిపోతుంది. నలుగురు చతురస్రంగా నిలబడితే ఐమూలగా ఎదురయ్యే ఇద్దరిని మూలలంటారు. ఎవరెక్కడ ఉన్నారన్నదే ముఖ్యం, ఎవరన్నది కాదు. మిగతా కార్డుల మీద పెన్సిల్‌తో ఎల్, ఆర్ అని రాసుకుంది.

ఆరు వారాలు చూద్దాం, ఆ తర్వాత ఓటు వేద్దాం అనుకున్నాం. మొదటి రాత్రి కాలర్ అలవాటు కొద్దీ 'జెంట్స్... అయ్యో, లార్క్స్' అంటూ పోయింది. తప్పు పలికినప్పుడల్లా పది పెన్నీలు వేస్తానని తనే ఒక కప్పు పెట్టుకుంది. రాత్రి పదికి అందులో ఒక పౌండు డెబ్బై ఉన్నాయి. 'పొరపాట్లు' అని పద్దు రాశాను. దాంతోపాటు ఇంకో రెండు మార్పులు కూడా చేశాం. ప్రతి డ్యాన్సుకీ జోడీ మారాలి. ఎవరైనా పిలిస్తే కారణం చెప్పకుండా వద్దనవచ్చు. ఇంతకుముందు ఒకరిని వద్దంటే ఆ డ్యాన్సంతా కూర్చోవాలనేది మర్యాద. ఈ రెండో మార్పు గురించి ఎవరూ వాదించలేదు. నేననుకోవడం, ఆ మర్యాద వల్ల ఎవరెవరు ఎవరెవరితో ఇష్టం లేకుండా ఆడారో అందరికీ తెలుసు.

మూడో వారం ఒక పెద్దాయన మానేశారు. నలభై ఏళ్ళుగా సభ్యుడు. ఇక్కడ ఎనభై ఏళ్ళవాళ్ళనైనా పేరు పెట్టే పిలవాలి. నాకు నోరు రాక 'సర్' అనేదాన్ని, ఆయన చిరాకుపడేవారు. 'ఇన్నేళ్ళూ జెంట్‌ని, ఇప్పుడు పిట్టనెందుకు కావాలి' అని కార్యదర్శికి ఉత్తరం రాశారు. కమిటీలో ఒకరు 'చెప్పానా' అన్నట్టు నా వైపు చూశారు. నిజం చెప్పాలంటే నాకు కోపమే వచ్చింది. పాతకాలం మనిషి, మారరు అనుకున్నాను. అయినా ఆయనకు ఇష్టమని ఒక డబ్బా నిండా జంతికలు పట్టుకుని ఇంటికి వెళ్ళాను.

టీవీ పెద్ద సౌండుతో నడుస్తోంది. నేను మూడుసార్లు తలుపు కొట్టాల్సి వచ్చింది. కూర్చున్నాక నెమ్మదిగా అసలు సంగతి చెప్పారు. నాలుగేళ్ళుగా ఆయనకు హాల్లో కాలర్ మాట వినపడటం లేదు. చెవి మిషన్లో ప్రతిధ్వనీ అడుగుల చప్పుడూ కలిసి గోలగా వస్తుందట. జెంట్స్, లేడీస్ అన్న మాటలు పెదాల కదలిక చూసి పోల్చుకునేవారు, మిగతాది జ్ఞాపకం. మరిచిపోయిన చోట పక్కనుంచి భార్య చేయి నొక్కి చెప్పేది. ఆవిడ 2019లో పోయారు. లార్క్ ఏదో రాబిన్ ఏదో పెదాల మీద ఆయనకు దొరకడం లేదు. 'అందరి ముందూ తప్పు అడుగు వేసి నిలబడలేను' అన్నారు. పిట్టల గొడవ ఉత్తరంలో రాయడం తేలిక. చెవుడని రాయడం కష్టం.

హాలు గోడ మీద చెవి బొమ్మా పక్కన టి అక్షరమూ ఉన్న చిన్న నీలం బోర్డు ఉందని అప్పుడు గుర్తొచ్చింది. అయిదేళ్ళుగా దాని కిందే కోటు తగిలిస్తున్నాను. గది చుట్టూ నేల కింద తీగ వేసి ఉంటుంది. మైకులో మాట్లాడింది ఆ తీగ గుండా నేరుగా చెవి మిషన్లోకి వెళ్తుంది. మిషన్‌ని టి మీద పెట్టుకుంటే చాలు, గోల వినపడదు. క్రిస్మస్ అలంకరణ సామాను పెట్టుకునే బీరువాలో, డబ్బాల వెనక, ఆ తీగను నడిపే పెట్టె దొరికింది. ప్లగ్గు పీకేసి ఉంది. ఎన్నేళ్ళ క్రితం పీకారో చర్చివాళ్ళకే తెలియదు. మా మైకు మా సొంత స్పీకరుకి కలిపి ఉండేది, దాన్ని ఈ పెట్టెకు కలపడానికి ఒక వైరు కావాల్సి వచ్చింది. పదకొండు పౌండ్లు. నేను కోశాధికారిగా రాసిన పద్దుల్లో ఇంత తక్కువ ఖర్చుకి ఇంత పని చేసింది ఇంకోటి లేదు.

ఆయన మళ్ళీ వచ్చారు. టీ విరామంలో కాలర్ మైకు ఆపడం మరిచిపోయి, బిస్కెట్లు పాతబడ్డాయని వంటగదిలో గొణిగిందట. హాలుకి ఆ చివర కూర్చున్న ఆయనొక్కరికే వినపడి పగలబడి నవ్వారు. ఆయనకే కాదు, చెవి మిషన్లు ఉన్నవాళ్ళు ఇంకా నలుగురున్నారని ఆ రాత్రే తెలిసింది. ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఆరు వారాల తర్వాత ఓటింగులో లార్కూ రాబినూ గెలిచాయి. ఆయన వ్యతిరేకంగానే ఓటు వేశారు. ఇప్పటికీ తనను తాను జెంట్ అనే అనుకుంటారు, ఎడమ పక్కన నిలబడతారు. ఎవరికీ అభ్యంతరం లేదు.

2023లో చక్రాల కుర్చీలో తిరిగే ఒకావిడ ఫోన్ చేసింది. మెట్లు లేని దారి ఉందా అని అడిగితే ఉందని గర్వంగా చెప్పాను. హాలు వెనక ర్యాంపు ఉంది మరి. ఆవిడ వచ్చిన రోజు చూస్తే ఆ తలుపుకి తాళం, తాళంచెవి చర్చి ఆఫీసులో, ఆఫీసు మూసేసి ఉంది, ర్యాంపు మీద నాలుగు చెత్తడబ్బాలు. ఇరవై నిమిషాలు వానలో ఉంది పాపం. లోపలికి వచ్చాక మొదటి మాటగా 'నన్ను ఎత్తొద్దు, నెట్టొద్దు. మీరు వరసలు ఒక అడుగు దూరంగా జరగండి, మిగతాది నేను చూసుకుంటా' అంది. చూసుకుంది కూడా. కుడిచేయి పట్టుకుని చుట్టూ తిరగాల్సిన చోట ఒక చక్రం ఆపి రెండోది తిప్పేది, అవతలివాళ్ళు చుట్టూ నడిచేవారు. వరస వెనకనుంచి కిందికి వెళ్ళే అడుగుల్లో మా అందరికంటే ముందుండేది. స్ట్రిప్ ద విల్లో మాత్రం కుదరలేదు. అందులో ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి గిర్రున తిరుగుతూ వరసంతా దాటాలి. ఆ రోజు చక్రం కింద పడ్డది నా కాలి బొటనవేలే. ఆవిడ ఉన్న రోజు ఆ కార్డు తీయం.

ఆ ఏడాదే దీపావళి తర్వాత వచ్చిన శనివారం, బ్యాండుతో ఒక డ్యాన్సు రాత్రి పెట్టి మా ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళను పిలిచాను. ఏడు కుటుంబాలు. ఏడున్నరకి రమ్మంటే ఎనిమిదింపావుకి, పులిహోర గిన్నెలతో వచ్చారు. అప్పుడు మా అమ్మ కూడా ఇక్కడే ఉంది. పక్క స్కూల్లో పిల్లలు మేపోల్ ఆడటం ఆమె అంతకుముందు వచ్చినప్పుడు చూసింది. స్తంభం పైనుంచి వేలాడే రంగు రిబ్బన్లు పట్టుకుని, ఎదురెదురుగా తిరుగుతూ జడలా అల్లి, మళ్ళీ వెనక్కి తిరుగుతూ విప్పుతారు. 'ఇది మన జడకోలాటమేనే' అంది. అల్లిక ఎక్కడ తప్పిందో కూడా పట్టేసింది, ఎర్ర రిబ్బను పిల్లవాడు పైనుంచి వెళ్ళాల్సిన చోట కిందనుంచి వెళ్ళాడట.

ఆ శనివారం వంటగదిలో ఒక అక్క నన్ను పక్కకు పిలిచి, 'ఇంతకీ మగాళ్ళ చేతులు పట్టుకోవాలా? మా అత్తగారు ఉన్నారు' అంది. నాకు ఈ ప్రశ్న తట్టనే లేదు. మొదటి రోజు నేల చూసి తూలిన మనిషినే నేను, అయినా మరిచిపోయాను. 'మనం మనం ఒక వరస కడదాం' అన్నాను. ఆడవాళ్ళం, ఆడపిల్లలం కలిసి ఎనిమిది జంటలతో ఒక వరస నిలబడ్డాం. కాలర్ స్టేజీ మీదనుంచి చూసింది, 'నలుగురేసి చేతులు కలపండి' అంది, మొదలుపెట్టింది. జెంట్ ఎవరని అడగలేదు. ఆ ప్రశ్న అడగడం మానేసి ఏడాది దాటింది. పటకాల డబ్బా ఎక్కడుందో కూడా ఆవిడకు గుర్తులేదు. ఆ అమ్మాయిలిద్దరి కోసం చేసిన పని మా అక్క అత్తగారి కోసం కూడా చేసినట్టయిందని వాళ్ళిద్దరికీ ఎప్పుడైనా చెప్పాలి.

అమ్మ వరసలో అందరికంటే పైన, చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని నిలబడింది. నాలుగు విడతలు ఆడి మోకాళ్ళు పట్టుకుని కుర్చీలో కూలబడింది. 'అంతా బాగానే ఉంది గానీ, ఎవరూ పాడరేంటే? పాట లేకుండా ఒట్టి బ్యాండేనా' అంది. కోలాటంలో పాటే దారి చూపిస్తుంది, అడుగు దాని వెంట నడుస్తుంది. ఇక్కడ ఎవరో ఒకరు చెప్పాలి. మగవాళ్ళలో ముగ్గురు రెండో వరసలో చేరారు. మిగతావాళ్ళు, మా ఆయనతో సహా, టీ బల్ల దగ్గర ఫోన్లు చూసుకుంటూ గడిపేశారు.

ఏడు కుటుంబాల్లోంచి ఇద్దరు ఇప్పుడు గురువారాలు వస్తున్నారు. ఆ అక్క రావడం లేదు, ఆమెకు ఆ రాత్రి షిఫ్టు. అమ్మాయిలిద్దరిలో ఒకరు చదువయ్యాక వేరే ఊరు వెళ్ళారు. ఇంకొకరు మళ్ళీ వచ్చి, ఇప్పుడు కాలింగ్ నేర్చుకుంటున్నారు. పాత కార్డులు ఫోన్లోకి ఎక్కిస్తున్నది ఆ అమ్మాయే. మనుషులు ఇరవై మూడు, ఇరవై నాలుగు దగ్గర ఆగారు. బేసి సంఖ్య వచ్చినప్పుడు ఎవరో ఒకరు కూర్చోవాలి, ఆ వంతు కమిటీవాళ్ళది అని రాసుకున్నాం.

ఈ వారం వెనక తలుపు తాళంచెవి నా దగ్గరే ఉంది. ఏడింటికి ముందే వెళ్ళి ర్యాంపు మీద డబ్బాలు జరపాలి. శుక్రవారం పొద్దున్నే చెత్త బండి వస్తుంది కాబట్టి గురువారం రాత్రి అవి నిండుగా, బరువుగా ఉంటాయి.